రోమింగ్‌లో పడ్డ అర్జీ

ఆరాంఘర్ చౌరస్తా చుట్టుపక్కల నన్ను 'ఇంగ్లీషు సార్' అంటారు. ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు గానీ, వద్దని ఎవరితోనూ అనలేదు. బ్యాంకు ఫారాలు, బడికి లీవ్ లెటర్లు, ఆఫీసులకు అర్జీలు, ఏది కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. పొగడ్త వింటూ రాసే చెయ్యి ఎక్కడో ఒకచోట జారుతుంది. నాది 'రోమ్' అనే క్రియ దగ్గర జారింది.

శంషాబాద్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఏదో కాగితంలో పేరు మార్పించుకోవాలి. "ఆఫీసు చుట్టూ తిరుగుతనే ఉన్న సారూ, చెప్పులరిగినయ్. జర గట్టిగ రాయి, ఇంగ్లీషుల రాయి" అన్నాడు. గట్టిగానే రాశాను. 'ఐ యామ్ రోమింగ్ ఎరౌండ్ యువర్ ఆఫీస్ సిన్స్ మెనీ మంత్స్' అన్నది మొదటి వాక్యం. చదివి వినిపిస్తే రోమింగ్ అన్న మాట ఒక్కటీ పట్టుకుని సంతోషంగా తలూపాడు. ఫోన్ల పుణ్యమా అని ఆ మాట ఎరగని తెలుగువాడు లేడు కదా.

ఆ వాక్యం చదివి ఆఫీసులో ఎవరో నవ్వారట. "పనీపాట లేక తిరుగుతున్ననని నువ్వే రాసినవు గదా పెద్దాయనా" అన్నారట. ఈ సంగతి చెప్పింది ఆయన మనవరాలు. మర్యాద తెలిసిన పిల్ల, తప్పు నాదని అనలేదు. "అంకుల్, రోమ్ అంటే ఉట్టిగ తిరుగుడు గదా?" అని మాత్రం అడిగింది.

అంతే మరి. పులి అడవిలో తిరిగితే రోమ్. సెలవునాడు చార్మినార్ సందుల్లో ఏమీ కొనకుండా, ఎక్కడికీ చేరాలనుకోకుండా తిరిగితే రోమ్. ఒక్క సంతకం కోసం అదే గది ముందు మళ్లీ మళ్లీ నిలబడటం రోమ్ ఎలా అవుతుంది? మన 'తిరుగు'కి ఈ పట్టింపు లేదు. జులాయీ తిరుగుతాడు, అప్పు వసూలుకొచ్చినవాడూ తిరుగుతాడు, పింఛను కోసం ముసలమ్మా తిరుగుతుంది. ఆ పెద్దాయన పడ్డ పాట్లకు ఇంగ్లీషులో 'ఫ్రమ్ పిల్లర్ టు పోస్ట్' అనే నుడికారం ఉంది. అదీ నాకు తెలుసు. రాసేటప్పుడు గుర్తుకు రాలేదు, అంతే.

ఒప్పుకుని ఊరుకుంటే సగం పరువైనా దక్కేది. నేను వాదనకు దిగాను. పూర్వం యాత్రికులు రోమ్ నగరానికి నడిచి వెళ్లేవారనీ, ఈ క్రియ అందులోంచే పుట్టిందనీ, కాబట్టి ఇందులో గమ్యం ఉందనీ ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇటాలియన్‌లో రోమియో అన్నా, స్పానిష్‌లో రొమెరో అన్నా యాత్రికుడే అన్నాను. అమెరికా రచయిత థోరో 1862లో అచ్చయిన 'వాకింగ్' వ్యాసంలో 'సాంటర్' అనే క్రియను పవిత్రభూమి యాత్రతో ముడిపెట్టాడని కూడా చెప్పాను. పిల్ల ఓపిగ్గా విని, ఫోన్ తీసి వెతికింది. రోమియో, రొమెరో నిజమేనట. 'రోమ్' క్రియ మాత్రం మధ్యయుగపు ఇంగ్లీషులోని 'రోమెన్' నుంచి వచ్చింది. అంతకు ముందు దాని పుట్టుక ఏమిటో తేలలేదు, నగరం కథను నిఘంటుకారులు ఒప్పుకోరు. థోరో చెప్పిన వ్యుత్పత్తీ నిలవదు.

ఉడుక్కుని ఫోన్ రోమింగ్ మాటెత్తాను. అదీ నా పక్షాన నిలబడలేదు. ఆరాంఘర్‌లో బెంగళూరు బస్సెక్కితే కర్నూలు దాటినా, అనంతపురం దాటినా ఫోన్ రోమింగ్‌లో పడదు. 2014లో రాష్ట్రం రెండైనా టెలికాం సర్కిల్ ఒక్కటే. ఎంత తిరిగావని ఫోన్ చూడదు, ఏ హద్దు దాటావన్నదే చూస్తుంది. ఒకప్పుడు ఆ హద్దు దాటి కాల్ ఎత్తినా డబ్బులు కోసేవారు. 2016లో జియో వచ్చాక, 2017కల్లా దేశంలో ఆ బాదుడు దాదాపు పోయింది.

అసలు నేను కూర్చున్న చోటు చూసుకున్నా బుద్ధి రావాలి. పేరుకు ఆరాంఘర్, అంటే విశ్రాంతి ఇల్లు. 2009లో మెహదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చి ఇక్కడ దిగింది. 2025 జనవరిలో జూపార్క్ వైపు ఇంకో ఫ్లైఓవర్ తెరిచారు. విమానం అందుకునేవాడు, కాటేదాన్‌లో డ్యూటీకి పరిగెత్తేవాడు, కర్నూలు బస్సు కోసం చెయ్యెత్తేవాడు, అందరికీ ఎక్కడికో చేరాలనే తొందర. వీళ్లలో రోమ్ చేసేవాడు ఒక్కడూ లేడు.

పెద్దాయనకు అర్జీ మళ్లీ రాశాను, తెలుగులో. ఆయన అన్న మాటే మొదటి వాక్యం, చెప్పులు అరగడంతో సహా. తెలుగు 1966 చట్టంతోనే మనకు అధికార భాష అయింది. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ కూడా. ఏ ఆఫీసుకైనా అర్జీ పెట్టాల్సి వస్తే మీకొచ్చిన మాటల్లోనే రాసుకోండి. రాయడం రాకపోతే చౌరస్తాకు రండి, నేను రాసిస్తాను. ఇంగ్లీషులో మాత్రం అడక్కండి.