తుప్పారావు

ఇంగ్లండులో ఏ ఊరికి పోయినా ఒక తుప్పారావు తగులుతాడు. అసలు పేరు వేరే ఉంటుంది లెండి. పుట్టుకతో దొర కావచ్చు, గుంటూరులో ఎంబీబీఎస్ చదివి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన మన డాక్టరుగారూ కావచ్చు. వయసు యాభై దాటి ఉంటుంది. పిల్లలు యూనివర్సిటీలకు వెళ్ళిపోయి ఉంటారు. ఇంటి అప్పు తీరవచ్చి ఉంటుంది. వాకిట్లో నిక్షేపంలాంటి జపాను కారుంటుంది. వానైనా మంచైనా మారు మాట్లాడకుండా స్టార్టవుతుంది. ఆయన దిగులంతా అదే.

ఆయనకు కావలసింది ఎంజీబీ. 1962లో మొదలై, 1980 అక్టోబరులో ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీ మూతపడేదాకా ఐదు లక్షలకు పైగా తయారైన స్పోర్ట్స్ కారు. 1,798 సీసీ ఇంజను, రెండే సీట్లు, గుడ్డ టాపు. స్పోర్ట్స్ కారు అన్నారు కదా అని వేగం సంగతి అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టకండి. వాకిట్లో ఉన్న జపాను కారు దాన్ని అవలీలగా దాటేస్తుంది. కానీ నేలకు అంత దగ్గరగా కూర్చుని, ముఖానికి ఎదురుగాలి కొడుతుంటే ముప్పై మైళ్ళ వేగమే అరవైలా ఉంటుందని ఆయన వాదన. సగం ధరకు సగం వేగంలో పూర్తి ఆనందమట.

మన తుప్పారావు ఆ డాక్టరుగారే అనుకోండి. ఈ కబురు విజయవాడకు చేరుతుంది. బావమరిది ఫోన్ చేస్తాడు.

“బావా, ఎంజీ కొంటున్నావటగా! మా అపార్ట్‌మెంట్లో కూడా ఒకాయన హెక్టర్ తీసుకున్నాడు. నీదానికి సన్‌రూఫ్ ఉందా?”

“అసలు రూఫే లేదురా.”

“పోనీ, ఏసీ?”

“రూఫే లేదంటుంటే!”

బావమరిది తప్పేం లేదు. ఆక్స్‌ఫర్డులోని మోరిస్ గ్యారేజెస్ అనే కార్ల దుకాణం పేరులోంచి పుట్టిన ఆ రెండక్షరాలు చేతులు మారి మారి చైనా కంపెనీకి చేరి, 2019లో గుజరాత్‌లోని హాలోల్ నుంచి హెక్టర్ ముక్కు మీదెక్కి మన రోడ్ల మీదికొచ్చాయి. తుప్పారావు దృష్టిలో అది ఎంజీయే కాదు. తుప్పు పట్టడానికి తగినంత వయసు రాని బండిని ఆయన బండిగా లెక్కపెట్టడు.

అలాగని అమాయకుడనుకునేరు. తుప్పు మీద ఆయనకున్న పాండిత్యం ముందు మనం నిలవలేం. ఈ దేశంలో చలికాలం వస్తే మంచు కట్టకుండా రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్‌లో విన్స్‌ఫర్డు గనినుంచి ఎంత ఉప్పు వస్తుందో, అది నీళ్ళలో కరిగి రేకు అతుకుల్లోకి ఎలా చేరుతుందో భోజనాల దగ్గర చెబుతాడు. ఇనుము తుప్పుగా మారితే మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి, పైకి ఒక పొక్కు కనబడిందంటే లోపల సంసారం గుల్లయిందని అర్థం, అంటాడు. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే దాని బలం. అందులోనూ తలుపుల కింద పొడుగ్గా సాగే పెట్టెలాంటి భాగం, సిల్ అంటారు, అదే వెన్నెముక. దాన్ని సరిగ్గా మార్చాలంటే ముందు మడ్‌గార్డు అడుగుభాగం కూడా కోయాలి. కోయకుండా పైన కొత్త రేకు అతికించి, లప్పం పెట్టి, రంగు కొట్టి అమ్మేసే పెద్దమనుషులు ఉన్నారు. ఇదంతా ఆయన నోటివెంట విన్నదే. ఇంత తెలిసిన మనిషిని మోసం చేయడం ఎవరి వల్లా కాదు. అంచేత ఆ పని ఆయనే చూసుకుంటాడు.

ఒకసారి బేరానికి తోడు వెళ్ళాను. ఊరవతల పొలంలో షెడ్డు. ముసలి దొర తలుపు తీస్తూనే, ముందే చెబుతున్నాను, దీనికి తుప్పుంది, అన్నాడు. తుప్పారావు నా వైపు తిరిగి తెలుగులో, “చూశారా, ఎంత నిజాయితీపరుడో! ఈ రోజుల్లో ఇలా ఎవరు చెబుతారండీ?” అన్నాడు. కిందటి వారం చూసిన బండి ఆసామీ తుప్పే లేదన్నాడట. అప్పుడు, “చూశారా, తుప్పు లేదట!” అని సంబరపడ్డాడట.

జేబులోంచి ఫ్రిజ్ మాగ్నెట్టు తీశాడు. తిరుమల నుంచి ఎవరో తెచ్చిచ్చిన వెంకటేశ్వరస్వామి బొమ్మ. మరీ బలమైన అయస్కాంతమైతే పల్చటి లప్పం వెనక ఉన్న రేకును కూడా పట్టుకుంటుంది, ఇలాంటి మెత్తటిదే నిజం చెబుతుంది, అని దారిలో నాకు పాఠం చెప్పాడు. కళ్ళకద్దుకుని ముందు బానెట్టుకు పెట్టాడు. అంటుకుంది. తలుపుకు పెట్టాడు. అంటుకుంది. సిల్‌కు పెట్టాడు. స్వామివారు జారి గడ్డిలో పడ్డారు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడ్డారు. తీసి తుడిచి జేబులో పెట్టుకుంటూ, “ఇవి మరీ బలహీనంగా చేస్తున్నారండీ,” అన్నాడు.

ఇక జాకీ. పక్కనున్న జాకీ రంధ్రంలో పెట్టి తిప్పితే బండి ఆ పక్క మొత్తం పైకి లేవాలి. దొర తిప్పుతున్నాడు. జాకీ లేస్తోంది, కరకరమని చప్పుడు, ఎర్రటి పొడి రాలుతోంది, బండి మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. దొర ఆపేశాడు. కార్పెట్టు ఎత్తి చూస్తే సీటు కింద పచ్చగడ్డి కనిపించింది. “వర్షం పడితే నీళ్ళు నిలవ్వు,” అన్నాడు తుప్పారావు. నవ్వుతున్నాడేమోనని చూశాను. లేదు.

అప్పుడు దొర తాళం తిప్పాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి అందుకుంది. అంతే, బేరం అక్కడ ముగిసింది. నిజానికి ఈ బండిలో ఇంజను చవకైన భాగం. పోతే ఇంకోటి తెచ్చి బిగించుకోవచ్చు. డబ్బంతా తాగేది బాడీయే. ఈ మాట కూడా ఎన్నోసార్లు ఆయనే చెప్పాడు. కానీ ఆ చప్పుడు చెవిన పడ్డాక చెప్పినవాడు వేరు, వింటున్నవాడు వేరు.

ఇంటికొచ్చాక లెక్కలు. మూడు వేల పౌండ్లు. భార్యకు పౌండ్లలో చెబుతాడు, మూడే వేలు కాబట్టి. బావమరిదికి రూపాయల్లో చెబుతాడు, మూడు లక్షల చిల్లరంటే హెక్టర్‌కంటే ఎంతో తక్కువ కాబట్టి. నలభై ఏళ్ళు దాటిన బండికి రోడ్డు పన్ను లేదు, అదో లాభం. పెద్ద మార్పులు చేయని బండైతే 2018 మే నుంచి ఏటేటా చేయించే ఎంఓటీ తనిఖీ కూడా తప్పనిసరి కాదు, అది ఇంకో లాభం. గడ్డి కనబడే బండిని ఎవరూ తనిఖీ చేయరంటే మనమైతే భయపడతాం. ఆయన దాన్ని జమ కింద రాసుకున్నాడు.

ఫోటో చూసి ఆవిడ అడిగింది. “ఇది సగమే ఉన్నట్టుందండీ. మిగతా సగానికెంత?”

ఈ దేశంలో ఎంజీబీ గురించి వచ్చిన విమర్శలన్నిటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

నా అనుమానం, తుప్పారావును చెడగొట్టింది స్పేరు పార్టులు. ఇంకో పాత బండైతే ఏదో ఒక ముక్క దొరక్క, ఆ వంకతోనైనా మనిషి బయటపడేవాడు. ఎంజీబీకి దొరకనిది లేదు. సిల్ దొరుకుతుంది, ఫ్లోరు దొరుకుతుంది, తలుపు దొరుకుతుంది. పాత అచ్చులు మళ్ళీ బయటికి తీసి 1988 నుంచి బాడీ మొత్తాన్ని కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. దాని ఖరీదు పదివేల పౌండ్లు ఎప్పుడో దాటింది, అది వేరే సంగతి. ఎంత తుప్పు పట్టినా, “ఇది ఇక బాగుపడదు” అని చెప్పే డాక్టరే లేని రోగం ఇది. మన తుప్పారావు స్వయంగా డాక్టరైనా సరే.

మీకు తెలిసినవాళ్ళలో ఇలాంటాయన ఉంటే, ఈసారి బేరానికి ఆయన్ని ఒంటరిగా పంపకండి. నాలాంటి మొహమాటస్తుణ్ణి తోడివ్వకండి, ఆవిడను పంపండి. అంతగా ఎంజీబీయే కావాలంటే, ఎవరో పాపం పూర్తిగా బాగుచేయించి, విసిగిపోయి అమ్ముతున్నది కొనిపించండి. తుప్పు బండి కొని బాగుచేయించడానికయ్యే ఖర్చులో సగానికే వస్తుంది ఒక్కోసారి. ఈ సంగతి ఆయనకు తెలియదని మాత్రం అనుకోకండి. నాకు చెప్పిందే ఆయన, ఆ షెడ్డులోని బండికి అడ్వాన్సు ఇచ్చి తిరిగొస్తూ.