తాళము లేని సందుగ

నన్ను మా ప్రాంతమున సందుగ అందురు. జగిత్యాల అంగడివీధిలో ఒక రేకుల పనివాని సుత్తిదెబ్బల నడుమ జన్మించి, ఆకుపచ్చరంగు పూయించుకొని, బరువైన గొళ్ళెముతోను ఇత్తడి తాళముతోను ఒక పాఠశాలకు చేరిననాడు, నాలో నింపిన నూటికి పైబడిన బాలల పుస్తకములను చూచుకొని నేను పొందిన గర్వము ఇంతింత కాదు. అది ఎంతోకాలము నిలువలేదు. పుస్తకము పోయినచో దాని వెల తన జీతమునుండి కోయుదురను భయముచే అచ్చటి బాధ్యుడు తాళపుచెవిని జేబు దాటనీయకుండెను. ఏటేట లెక్కచూచువారు వచ్చి, ఒక్కటియు తగ్గలేదని వ్రాసికొని పోవుచుండిరి. తగ్గకపోవుటయే నా దుఃఖమని చెప్పుటకు నాకు నోరు లేకపోయెను. కలరా ఉండల వాసనలో అట్టకు అట్ట అంటుకొని, ఒక్క బాలుని వ్రేలిముద్రయైన సోకక, ఆ కథలన్నియు నా కడుపులోనే ముసలివైపోయినవి.

పాతసామాను వేలములో నన్ను పుస్తకములతోసహా కొనిన విశ్రాంత ఉపాధ్యాయుడు, మా సారు, మొట్టమొదట చేసిన పని ఆ గొళ్ళెమును ఊడదీయుట.

నవంబరులో, గ్రంథాలయ వారోత్సవములలోని ఒకనాటి తెల్లవారుజామున, సారు నన్ను ట్రాలీ ఆటో ఎక్కించెను. ఉదయము జగిత్యాలలో సభ. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన కథను, 1919 నవంబరు 14న మద్రాసులో అఖిలభారత గ్రంథాలయ సభ జరిగిన వైనమును, ఆ పనికై జీవితము ధారపోసిన అయ్యంకి వెంకటరమణయ్యగారి దీక్షను వక్తలు స్మరించుచుండగా, వేదికప్రక్కన మూత తెరచికొని నేనును వింటిని. కృష్ణాకాలువపై 1935లో పాతూరి నాగభూషణముగారు నడిపించిన పడవ గ్రంథాలయముమాట రాగానే నా రేకులు పులకించినవి. ఊరూరికి పుస్తకమును మోసికొనిపోయిన ఆ పడవ నాకు పెద్దక్క కాదా! పిమ్మట 1960 నాటి గ్రంథాలయ చట్టము, ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల సెస్సు, దాని వసూళ్లు, బకాయిలు చర్చకు వచ్చినవి. వానికంటె నన్ను కదిలించినది, చివరి వరుసనుండి లేచిన ఒక వృద్ధ గ్రంథపాలకుని ప్రశ్న: "చదివి చదివి చిరిగిన పుస్తకాన్ని మనం నష్టంలో ఎందుకు రాయాలె? ఖర్చయిందని రాస్తే తప్పేంది?" సభ కొంతసేపు నిశ్శబ్దమయ్యెను. నా బ్రతుకంతయు ఎదురుచూచిన ప్రశ్న అది.

మధ్యాహ్నము కోరుట్ల. చాటలు ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టు తల్లుల బిడ్డలు నా చుట్టు మూగిరి. పొరుగున మెట్‌పల్లి ప్రాంతమున నివసించుచు పిల్లలకై వ్రాసిన వాసాల నర్సయ్యగారికి 2017లో కేంద్రసాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారము లభించినదని సారు చెప్పగా, "మన దిక్కాయననా?" అని ఒకడు ఆశ్చర్యపోయెను. తునికాకు కత్తిరించి కత్తిరించి వ్రేళ్లు నల్లబడిన ఒక చిన్నది, చేతులను లంగాకు రెండుమారులు తుడుచుకొని, ఒక బొమ్మల పుస్తకమును పైకెత్తి, "సార్, గిది ఇంటికి కొంచవోనిత్తరా?" అని అడిగెను. "కొంచవో బిడ్డా" అనెను సారు. పేరు వ్రాసికొనెను గాని వెల వ్రాసికొనలేదు.

కథలాపూర్ మీదుగా దక్షిణమునకు సాగితిమి. పేరులోనే కథను నిలుపుకొనిన ఊరు!

సిరిసిల్ల చేరుసరికి ప్రొద్దు వాలినది. వీధులన్నిట మరమగ్గపు సాంచెల చప్పుడు. సభ జరుపుకొనుటకును నిజాము ప్రభుత్వమును అనుమతి అడుగవలసిన గస్తీ నిషాన్ 53 ఉత్తరువు కాలమున, 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగిన ఊరిది. ఇచ్చట నా మూత నిరాటంకముగ తెరువబడుచుండగా ఆ పెద్దల శ్రమ తలపునకు వచ్చినది. పిల్లలు చదువుచుండిరి. ఈ ఊరివారే యగు పత్తిపాక మోహన్‌గారికి 2022లో అదే పురస్కారమును తెచ్చిన 'బాలల తాత బాపూజీ' కొరకు ఇద్దరు పెనుగులాడగా పుస్తకము నడుమ విడిపోయెను. వారిలో ఒక బాలుడు కన్నీటితో దానిని తన తాతవద్దకు కొనిపోయెను.

"తాతా, గిది మల్ల అతుకుతదా?"

"పోగు అతికేటోనికి కాయితమొక లెక్కనా బిడ్డా!"

వృద్ధుడు కండెనుండి మూరెడు నూలు తీసి, రెండు పేటలుగ పురివేసి, మైనము రాచి, సూదికి ఎక్కించెను. ముడుతపై మూడుచోట్ల పొడిచి, నడిమి రంధ్రమునుండి లోనికి, పైదానినుండి వెలికి, క్రిందిదానినుండి మరల లోనికి, నడిమిదానినుండి తిరిగి వెలికి దారమును నడిపి, తెగిన పడుగుపోగును అతుకునట్లు బొటనవ్రేలితో నొక్కి ముడివేసెను. పుటలు నిలిచినవి. సారు ఆ పుస్తకమును ఆ బాలునిచేతనే నాలో పెట్టించెను.

తిరుగు ప్రయాణమున, సగము ఖాళీయైన నా కడుపులో మిగిలిన పుస్తకములు గతుకు గతుకునకు జారుచుండెను. తాత కత్తిరింపక వదలిన తెల్లని నూలుకొస ఒకటి, బండి కదలినప్పుడెల్ల, నా రేకుగోడను తాకుచుండెను.