పేరు గోల్డ్, ఒళ్లు నలుపు

నన్ను టీవీఎస్ గోల్డ్ కీబోర్డు అంటారు. పేరులో బంగారం ఉన్నా ఒళ్లంతా నలుపే. మీటల సందుల్లోంచి రంగురంగుల దీపాలు వెలగవు. 104 మీటలు, వాటి మీద తెల్లక్షరాలు, వెనక ఒక వైరు, అదే నా సంపద. కొరాపుట్ జిల్లా బొయిపరిగుడలో, జయపురం నుంచి మల్కనగిరి పోయే రోడ్డు పక్కన, ఒక చిన్న డీటీపీ సెంటర్లో నా ఉద్యోగం. సెంటర్ నడిపే ఆవిడని ఒడియావాళ్లు దీదీ అంటారు, తెలుగువాళ్లు అక్క అంటారు. వాళ్ల తాతలు పార్వతీపురం వేపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. నాకూ ఆవిడ అక్కే.

జయపురంలో ఒక కంప్యూటర్ షాపులో అక్క నన్ను ఏరుకున్న తీరు చెప్పి తీరాలి. కీబోర్డు కొనేవాళ్లలో అలా చూసి కొనేవాళ్లు అరుదు. షాపు కుర్రాడు ముందు ఒక పొట్టి బోర్డు తెచ్చి పెట్టాడు. ప్లగ్గు పెట్టగానే ఏడు రంగులూ మెరిశాయి.

"ఇది తీసుకో అక్కా. కుర్రాళ్లందరూ ఇదే పట్టుకెళ్తన్నారు."

"రంగులతో నాకేటి పని బాబూ? కుడి పక్క అంకెలేవి? అంకెలు లేకపోతే నా బేరం సగం పోద్ది."

అప్పుడు నన్ను అటక మీంచి దించాడు. అక్క నా రెండు చివర్లూ పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూసింది. నేను వంగలేదు. స్పేస్ బార్‌ని ఎడమ కొసన నొక్కింది, తర్వాత కుడి కొసన. పొడుగు మీట ఏ మూల నొక్కినా ఒకేలా దిగాలి. దాని కింది తీగ సరిగ్గా కూర్చోకపోతే ఒక పక్కకి ఒరిగి బిగుసుకుంటుంది. ఎంటర్‌నీ, అంకెల పక్కనున్న ప్లస్‌నీ అలాగే పరీక్షించింది. ఆ తర్వాత స్టూలు లాక్కుని, టైపు లోయరు, హయ్యరు పాసైన చేతులతో ఒక పేజీ కొట్టింది.

"చప్పుడు చేస్తాదక్కా," అన్నాడు కుర్రాడు.

"చేయనీ. అక్షరం పడిందో లేదో చెవికే తెలుస్తాది."

ఆ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్తాను. నా ప్రతి మీట కిందా విడిగా ఒక స్విచ్చి ఉంది. చెర్రీ ఎంఎక్స్ బ్లూ అంటారు దాన్ని. చెర్రీ కంపెనీ 1980ల తొలినాళ్లలో జర్మనీలో ఈ ఎంఎక్స్ రకాన్ని తయారుచేసింది. మీట నొక్కితే లోపల నీలం కాడ స్ప్రింగు మీదకి దిగుతుంది. కాడకి ఒక తెల్లటి తొడుగు ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు దిగేసరికి ఆ తొడుగు చటుక్కున జారిపడి టిక్కుమంటుంది. ఆ సరికే పక్కనున్న రెండు సన్నటి రేకులు తాకుతాయి. తాకే చోట బంగారం కలిసిన లోహం పెడతారు, తుప్పు దరిచేరకుండా. మీట అడుగు తగలాలంటే మొత్తం 4 మిల్లీమీటర్లు దిగాలి, కాని అక్షరం సగం దారి దాటగానే పడిపోతుంది. చెయ్యి తేలిగ్గా వేసి కొట్టేవాళ్లకి సాయంత్రానికి వేళ్లు నొప్పెట్టకపోవడానికి కారణం ఇదే.

నాకంటే ముందు ఆ బల్ల మీద ఒక మెంబ్రేన్ బోర్డు ఉండేది. దాన్ని తక్కువ చేయను, చవకలో దొరికి ఎంతోమందికి పని నేర్పింది. కాని దాని మీటలన్నిటి కిందా ఒకే రబ్బరు పరుపు. రబ్బరు నలిగే కొద్దీ చలనం తగ్గుతుంది. ముందు ఎ మొరాయించింది, తర్వాత ఎన్. చివరికి ఎవరి దరఖాస్తులో చూసినా పేరులో ఒక అక్షరం తక్కువ. అలాంటివాటి మీటకి సాధారణంగా 50 లక్షల నుంచి కోటి నొక్కుల ఆయుష్షు చెప్తారు. నా స్విచ్చికి చెప్పింది 5 కోట్లు. ఒకే మీటని రోజుకి 10,000 సార్లు కొట్టినా, ఏడాదికి 300 రోజుల లెక్కన 16 ఏళ్లు దాటుతుంది. నా ధర ఎందుకు అయిదారు రెట్లో ఈ లెక్క తెలిసినవాళ్లు అడగరు.

అంకెల సంగతి. అక్క అన్న మాట అక్షరాలా నిజం. ఆధార్ 12 అంకెలు, ఫోను 10, ఆపైన బ్యాంకు ఖాతా, భూమి ఖాతా, ప్లాటు నంబరు. వడ్లు అమ్ముకోడానికి లాంప్స్ సహకార సొసైటీలో పేరు రాయించుకునే కాలంలో పరజ, భూమియా గిరిజన రైతులు కాగితాలు మడిచి పట్టుకుని గుమ్మం దాకా నిలబడతారు. అక్క కళ్లు ఆ కాగితం మీదే ఉంటాయి, కుడి చెయ్యి నా మీద. 5 మీద చిన్న గడ్డ ఉంది, నడిమి వేలికి అది తగిలితే చాలు, మిగతా తొమ్మిదీ ఎక్కడున్నాయో చేతికే తెలుసు. ఒక్క అంకె తప్పితే ఒక రైతు డబ్బు ఇంకొకరి ఖాతాలో పడుతుంది, లేదా ఎక్కడా పడదు. ల్యాప్‌టాప్ పై వరుసలో రెండు చేతులతో వెతుక్కుంటూ కొడితే ఈ పని నడవదు. నిండు సైజు బోర్డు బల్ల మీద చోటు ఎక్కువ తింటుందని విసుక్కునేవాళ్లు ఒక్కరోజు ఈ వరుసలో నిలబడి చూడాలి.

ఈ మీటల అమరిక మా పెద్దల నుంచి వచ్చింది. 1985లో ఐబీఎం మోడల్ ఎం బయటికొచ్చినప్పుడు 101 మీటలు, కుడివైపు అంకెల గడి. విండోస్ 95 కాలంలో ఇంకో మూడు చేరి 104 అయ్యాం.

ఇక భాషల సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా ఈ జయపురం సీమ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే ఇప్పటికీ మా సెంటర్‌కి తెలుగు శుభలేఖలు వస్తాయి. శివరాత్రికి గుప్తేశ్వర్ వెళ్లే ఆంధ్రా యాత్రికులు జెరాక్సులకి ఆగుతారు. స్వాతంత్ర్య యోధుడు లక్ష్మణ్ నాయక్ ఊరు తెంతులిగుమ్మ ఈ బ్లాకులోదే గనక, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరికంబం ఎక్కిన ఆయన మీద బడిపిల్లల ఉపన్యాసాలు ఏటా నా మీంచే వెళ్తాయి, అవి ఒడియాలో. నా ఒంటి మీద తెలుగూ లేదు, ఒడియా లేదు, ఉన్నది ఇంగ్లీషే. అయినా అక్కకి ఇబ్బంది లేదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రామాణికం చేసిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో తెలుగు కకారం, ఒడియా కకారం రెండూ నా కె మీటలోనే ఉన్నాయి. తకారం ఎల్‌లో, పకారం హెచ్‌లో. భాష మారినా వేలు కదలక్కర్లేదు. అది చేసిన పెద్దలకి చేతులెత్తి మొక్కాలి.

నేను అందరికీ పనికొస్తానని చెప్పను. పక్కనే పసిపాప నిద్రపోతుంటే, నలుగురు ఒకే గదిలో ఫోన్లు మాట్లాడుతుంటే, నా టిక్కుటిక్కు భరించడం కష్టం. వాళ్లు బ్రౌన్ స్విచ్చి తీసుకోవాలి, వేలికి చిన్న తడబాటు తెలుస్తుంది, టిక్కు ఉండదు. ఆ తడబాటూ వద్దంటే రెడ్.

ఇక్కడి వానాకాలం ఇనుపబీరువానే మెత్తబరుస్తుంది. వాన తగ్గాక అక్క నా మీటల టోపీలన్నీ ఒక్కొక్కటీ ఊడబీకి, సబ్బునీళ్లలో వేసి, నీడన ఆరబెట్టి, సందుల్లో ఎర్రమన్నుని పెయింటు బ్రష్షుతో దులుపుతుంది. అయినా ఒకసారి ఎవరిదో టీ గ్లాసు ఒరిగి నా అంకెల ఎంటర్‌లోకి చక్కెరనీళ్లు దిగాయి. ఎంత తుడిచినా అది ఒకసారి నొక్కితే రెండుసార్లు పడేది. కొత్తది కొనమన్నారు చాలామంది. అక్క వినలేదు. సోల్డరింగ్ తెలిసిన మెకానిక్‌ని పిలిపించింది. అతను నన్ను బోర్లించి, ఎంటర్ స్విచ్చిని పీకి, ఎవరూ నొక్కని స్క్రోల్ లాక్ స్విచ్చిని దాని చోట అతికాడు, పాడైనదాన్ని స్క్రోల్ లాక్ చోట. ఎంటర్ మళ్లీ ఒక్కసారే టిక్కంటోంది. పాజ్ మీట కూడా కొత్తగానే ఉంది, రేపు సున్నాకి అవసరమైతే అది తీసి వేద్దామని అక్కతో చెప్పి డబ్బులు తీసుకుని వెళ్లాడు.