ప్రో బంతి... పొదల పాలు!

జనగామలో ప్లాట్ల బేరం కుదిరింది. మహబూబాబాద్‌లో మిర్చికి ధర పలికింది. భూపాలపల్లిలో బొగ్గు లారీలు కలిసొచ్చాయి. ఇక మిగిలింది గోల్ఫే! ఆడాలంటే గోల్కొండ నయాఖిలాకో, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌కో బండి కట్టాల్సిందే.

కర్ర పట్టడం రాకముందే కొత్త సారు అడిగేది టైట్లిస్ట్ ప్రో వీ1. 2000లో వచ్చిన ఈ బంతికి మెత్తని యురేథేన్ తొడుగు. గ్రీన్ మీద దాన్ని గిర్రున తిప్పి ఆపగల చేయి ఉంటే సరే, లేకుంటే వాచేది జేబే. నేర్చుకునేవాళ్లకు సర్లిన్ తొడుగున్న రెండు పొరల బంతి చాలు. చవక, గట్టిది, పైగా అంతగా గింగిరాలు కొట్టదు. కానీ చవకంటే సారుకు నామోషీ!

ఏ బంతైనా 45.93 గ్రాములు దాటకూడదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ధర మీద మాత్రం ఏ నిబంధనా లేదు, దుకాణదారు అదృష్టం.

పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి గడువు మూడు నిమిషాలే. అంతకుముందు ఐదు. రెవెన్యూ రికార్డుల్లో గల్లంతైన సర్వే నంబరు కోసం ఏళ్లకేళ్లు తిరిగినోళ్లకు మూడు నిమిషాలు ఏ మూలకు?