డైనమో చాటువు: టీకా తాత్పర్యం

అవతారిక

మే నెలలో ఒకనాటి సాయంత్రం, నూజివీడులో నాలుగు బుట్టల చిన్నరసాలు కారులో వేసుకుని బెజవాడలో వియ్యాలవారింటికి బయల్దేరిన కవి, ఆగిరిపల్లి ఇంకా రాకుండానే ఆగిపోయి చెప్పిన చాటువు ఇది. మొదటి సగం రోడ్డు మీద, దోమలు తోలుకుంటూ పుట్టింది. రెండో సగం మర్నాడు మెకానిక్ షెడ్డులో, స్టూలు మీద పుట్టింది. అందుకే ముందు గోడు, వెనక జ్ఞానం. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే అయినచోట ఆ ప్రతిజ్ఞతో పనిలేదు.

మూలం (ఆటవెలది)

బండి నిలిచె తోట బాటలో చీకటిన్
కొత్త బ్యాటరైన కునుకు తీసె
తిండి పెట్టు వాడు తిరుగుచు నుండియున్
పిడికెడైన నిడక పెట్టె యెండె

ప్రతిపదార్థం

చీకటిన్ = పొద్దుగూకాక, అనగా హెడ్‌లైట్లు, ఏసీ రెండూ వేసుకున్న తరుణంలో; తోట బాటలో = మామిడి తోటల నడుమ దారిలో; బండి = ఇరవయ్యేళ్లు దాటిన కారు; నిలిచెన్ = ఆగిపోయెను; కొత్త బ్యాటరి + ఐన = మూడు రోజుల కింద కొన్న బ్యాటరీ సైతము; కునుకు తీసెన్ = సెల్ఫ్ కొడితే టిక్కుమని ఊరుకొనెను; తిండి పెట్టువాడు = ఆల్టర్నేటర్; తిరుగుచున్ + ఉండియున్ = బెల్టు లాగినంతసేపూ గిరగిర తిరుగుచున్నప్పటికిని; పిడికెడు + ఐనను = కాసింత కరెంటైనను; ఇడక = ఇవ్వకపోవుటచేత; పెట్టె = పైన చెప్పిన బ్యాటరీ; ఎండెన్ = ఖాళీ అయ్యెను.

తాత్పర్యం

బ్యాటరీ దాచుకునేదే తప్ప సంపాదించేది కాదు. ఇంజను నడుస్తున్నంతసేపూ సంపాదించి పెట్టాల్సింది ఆల్టర్నేటర్. అది మానుకుంటే ఎంత కొత్త బ్యాటరీ అయినా దాచుకున్నది తిని కూర్చుంటుంది.

విశేషాలు

1. “తిండి పెట్టువాడు”: షెడ్డు భాషలో వీడి పేరు డైనమో. తొలి అంబాసిడర్లలో ఉన్నది నిజంగా డైనమోయే. 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన వాలియంట్ కారుకు ఆల్టర్నేటర్ బిగించాక, మెల్లగా లోకమంతా అటు తిరిగింది. వస్తువు మారినా పేరు మారలేదు. దీన్ని రూఢి అంటారు.

2. “తిరుగుచు నుండియున్”: కారణం ఉండి కూడా కార్యం పుట్టకపోతే విశేషోక్తి అలంకారం. తిరగడం ఉంది, చార్జింగు లేదు. ఎందుకు లేదు? లోపల తిరిగే చుట్ట అయస్కాంతం కావాలంటే దానికి ముందుగా కొంచెం కరెంటు అందాలి. బ్యాటరీ దగ్గర బయల్దేరిన ఆ కరెంటును, తిరిగే రాగి రింగుల మీద ఒరుసుకుంటూ రెండు కార్బన్లు చుట్టకు అందిస్తాయి. పూత మీద తోట మాట్లాడుకునే వ్యాపారి ఇచ్చే అడ్వాన్సు వంటిది ఇది. అడ్వాన్సు ముట్టనిదే కాపు చేతికి రాదు. మన కార్బన్లు బలపాల్లా అరిగి, రింగుల్ని ఒకసారి తాకుతూ ఒకసారి తాకకుండా ఉన్నాయి. టెంక పురుగు పట్టిన కాయలాగా డైనమో పైకి మాత్రం నిగనిగలాడుతోంది.

3. “కొత్త బ్యాటరైన”: బ్యాటరి + ఐన = బ్యాటరైన, ఇత్వసంధి. ఈ సంధికి కవి చెల్లించుకున్న మూల్యం ఒక బ్యాటరీ. అంతకు ముందు వారం నుంచీ డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మిణుకుమంటోంది. దాని మీద ఉన్నది బ్యాటరీ బొమ్మ. కవి వాచ్యార్థం తీసుకుని బ్యాటరీ మార్పించాడు. గంగలో పల్లె అంటే గంగ గట్టున పల్లె అని అర్థం చేసుకోవాలని ఆలంకారికులు ఎప్పుడో చెప్పారు. అలాగే ఆ బొమ్మకు లక్షణార్థం “చార్జింగు సంగతి చూసుకో” అని.

4. పాఠాంతరం: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే డైనమో మంచిదని తేల్చే సంప్రదాయం ఒకటుంది. ఇది ఉపాదేయం కాదు. ఆల్టర్నేటర్‌లో పుట్టేది ఏసీ కరెంటు. దాన్ని డీసీగా మార్చేవి సాధారణంగా ఆరు డయోడ్లు. బ్యాటరీని ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజీ ఎగిరి అవి కాలిపోవచ్చు. పరీక్ష పూర్తవుతుంది, రోగం రెండవుతుంది.

5. సత్ పాఠం: మేస్త్రి మీటరు పెట్టి చూశాడు. నిండు బ్యాటరీ, ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను నడుస్తుంటే 14 దాకా ఎక్కాలి. మనది నడుస్తుండగానే 12 కిందికి దిగుతోంది. “బ్యాటరీని తిట్టమాకండి సార్, డైనమో ఎక్కిచ్చట్లా” అన్నాడు. ఈ ఒక్క వాక్యమే పద్యంలో రెండో సగం. డైనమో విప్పాడు, రింగులు తుడిచాడు, డయోడ్ల ప్లేటు చూశాడు, బేరింగు చేత్తో తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, కార్బన్లు మార్చాడు, బెల్టు బిగించాడు. మీటరు 14 చూపింది.

ఫలశ్రుతి

ఈ చాటువు చదివినవారు ఎర్ర దీపం వెలిగిన నాడు బ్యాటరీ కొట్టుకు పరిగెత్తక, ముందు మీటరున్న మేస్త్రి దగ్గరికి వెళ్లుదురు గాక. కార్బన్ల జతకు అయిన ఖర్చు రెండు డజన్ల చిన్నరసాల పాటి. నాలుగు బుట్టల్లో వియ్యాలవారింటికి చేరినవి రెండే. మిగతావి ఆ రాత్రి కారులోనే మెత్తబడిపోయాయి.