ఆటస్థలం కలదు, 64 గళ్లు

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి, చేతిలో కరపత్రం పడకుండా మైత్రీవనం దాకా నడిచిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఒకప్పుడు ఆ కాగితాల మీద జావా, ఒరాకిల్ ఉండేవి. తర్వాత పైథాన్ వచ్చింది, డేటా సైన్స్ వచ్చింది. వేసవి సెలవులు అయిపోవచ్చే రోజుల్లో మాత్రం వాటి మధ్య పసుప్పచ్చ కాగితం ఒకటి చేరుతుంది. పైన పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్న పిల్లలు. మన పేటలో ఎవరి పిల్లలూ కారు, ఇంటర్నెట్‌లో దొరికిన పిల్లలు. వాళ్ల కింద జాబితా: అబాకస్, వేదిక్ మ్యాథ్స్, రోబోటిక్స్, కరాటే, కీబోర్డు, వెస్ట్రన్ డాన్స్, కూచిపూడి, చెస్, స్కేటింగ్, హ్యాండ్ రైటింగ్, ఐఐటీ ఫౌండేషన్. అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో 'చదువు కూడా చెప్పబడును' అని ఉంటుందేమోనని కళ్లద్దాలు పెట్టుకుని మరీ వెతికాను. లేదు.

అమీర్‌పేట, పంజగుట్ట సందుల్లో చిన్న ప్రైవేటు బడికి ఒక నమూనా ఉంది. కింద టిఫిన్ సెంటరు, పైన రెండంతస్తుల్లో బడి, ఆ పైన సాఫ్ట్‌వేర్ కోచింగు, ఆపైన లేడీస్ హాస్టలు, అన్నిటి మీదా డాబా, డాబా మీద రెండు సింటెక్స్ ట్యాంకులు, హాస్టలు వాళ్లు ఆరేసిన బట్టలు. ప్రాస్పెక్టస్‌లో ఈ డాబా పేరు 'స్పోర్ట్స్ ఎరీనా'. బండ్లు పెట్టుకునే సెల్లారు పేరు 'స్కేటింగ్ రింక్'. టిఫిన్ సెంటరును ఇంకా ఏమీ అనలేదు. వచ్చే ఏటికి అదీ 'న్యూట్రిషన్ పార్ట్‌నర్' అవుతుంది, చూస్తూండండి.

ఆటస్థలం మాట చట్టంలో లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చివర ఒక షెడ్యూలు ఉంది. బడి అన్నాక టీచరుకో గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఆటస్థలం ఉండాలంది. గ్రంథాలయం, అందులో పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే చిత్రకళకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులను పెట్టమంది. అన్నీ చెప్పిన ఆ షెడ్యూలు ఆటస్థలం ఎన్ని గజాలుండాలో మాత్రం చెప్పలేదు. ఆ సందు చాలు. అమీర్‌పేటలో సందు దొరికితే బిల్డింగు లేపుతారు.

అందుకే చెస్ ఇంత పెరిగింది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి, పద్దెనిమిదేళ్లకే ప్రపంచ చాంపియన్ అయిన గుకేశ్ చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు. మన వరంగల్ అర్జున్ ఇరిగేశి ఉండనే ఉన్నాడు. వాళ్లు గెలిచినందుకు మనకు గర్వం, కరస్పాండెంటు గారికి ఊరట. నాలుగు గజాలు పరిగెత్తే ఆటకు ఒక్క గజం జాగా అక్కర్లేదు కదా! ఆటస్థలం ఎక్కడ మేడమ్ అని అడిగిన తండ్రికి ఇప్పుడు అట్ట తెరిచి చూపిస్తున్నారు. 64 గళ్లు, పైగా నలుపూ తెలుపూ టైల్స్.

చెస్ గదికి ఎడమ పక్క అబాకస్. వేళ్లు గాల్లో ఆడిస్తూ, కళ్లు మూసుకుని, ఆరేళ్ల పిల్ల నాలుగంకెల సంఖ్యలు కూడేస్తుంది. కుడి పక్క రోబోటిక్స్. అక్కడ ఒక బొమ్మ గోడ దగ్గరికెళ్లి తనంతట తను వెనక్కి తిరుగుతుంది. అందరూ చప్పట్లు. ఒక గదిలో పిల్లని మెషీన్ చేస్తారు, ఇంకో గదిలో మెషీన్‌కు బుద్ధి నేర్పుతారు. రెండు గదులకూ ఫీజు వేరువేరు. తోబుట్టువులుంటే డిస్కౌంటు ఉంది. ఏ గదికి ఏ బిడ్డను పంపాలో తల్లిదండ్రుల ఇష్టం.

మైత్రీవనం కోచింగుల గాలి బడి కిటికీల్లోంచి లోపలికి వచ్చేసింది కాబట్టి భాష కూడా అక్కడిదే. డాన్స్‌కు 'డెమో క్లాస్ ఫ్రీ'. కీబోర్డుకు 'వీకెండ్ బ్యాచ్'. హ్యాండ్ రైటింగ్‌కు 'ఫాస్ట్ ట్రాక్', అంటే చేతిరాత తొందరగా కుదురుతుందనా, తొందరగా రాయిస్తారనా అన్నది కోర్సులో చేరితేగాని తెలీదు. కరాటే మాస్టారు 'రియల్ టైమ్ ఫ్యాకల్టీ' అట. నిజంగా ఎవరినైనా తన్నాడో ఏమో పాపం. '100 శాతం ప్లేస్‌మెంట్' ఒక్కటే తక్కువ. ఎల్‌కేజీకి అది కొంచెం తొందరని ఆగినట్టున్నారు.

ప్రాజెక్టుల సంగతి చెప్పకపోతే పేటకు అన్యాయం చేసినట్టే. బీటెక్ ఆఖరి ఏడాది పిల్లలు అమీర్‌పేట వచ్చి, రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుని, బైండింగు చేయించుకుని వెళ్లడం ఎన్నేళ్ల నుంచో నడుస్తున్న సంప్రదాయం. ఇప్పుడదే వీధిలో, స్టేషనరీ షాపులో, ఆరో తరగతి అగ్నిపర్వతం దొరుకుతుంది. థర్మకోల్ కొండ, ఎర్ర రంగు, లోపల బల్బు. సౌరకుటుంబం కూడా ఉంది, కొంచెం ఖరీదు, గ్రహాలు ఎక్కువ కదా. సైన్స్ ఫెయిర్‌లో వరసగా నాలుగు అగ్నిపర్వతాలు ఒకే ఎత్తున, ఒకే ఎరుపులో, ఒకే షాపు స్టిక్కరుతో నిలబడి ఉంటే ముఖ్య అతిథి ఒక్కోదాని ముందు ఆగి 'ఎక్సలెంట్' అంటాడు. మన పిల్లలు పదేళ్లు ముందుగా ఇంజినీరింగ్ నేర్చేసుకున్నారన్నమాట. కొనడం ఎలాగో వచ్చాక మిగతాది సులువు.

ఇక పీఈటీ సారు. ఈయన చేతిలో ఉన్న ఒకే ఒక క్రీడా సామగ్రి విజిల్. ఉదయం గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్లను నిలబెట్టడానికి ఒక ఊదు, మధ్యాహ్నం భోజనాల లైన్లకు ఒక ఊదు, సాయంత్రం వ్యాన్లు ఎక్కించడానికి ఒక ఊదు. మధ్యలో ఫీజు బాకీ చీటీలు పంచడం, ఇన్విజిలేషన్, తెలుగు టీచరు సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చోవడం. ఏడాదికోసారి స్పోర్ట్స్ డే ఉంటుంది, అద్దె గ్రౌండులో. ఎరుపు, నీలం, పచ్చ, పసుపు హౌసులు, నాలుగు రంగుల టీషర్టులు, కొనాల్సింది బడి కౌంటర్లోనే. పిల్లలు అక్కడ తొలిసారి మట్టి మీద పరిగెత్తి మోకాళ్లు చెక్కుకుని వస్తారు. మర్నాడు వాట్సాప్ గ్రూపులో తల్లులు అగ్గి మీద గుగ్గిలం.

ఈ ఊళ్లోనే ఒక బడిపంతులు ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఫుట్‌బాల్ నేర్పాడు. తర్వాత దేశం జట్టుకే కోచ్ అయి 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు తెచ్చాడు. మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు. ఇప్పటికీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకు మించి ఎక్కింది లేదు. రహీం సాబ్ ఇవాళ మన పేట బడికి ఉద్యోగానికొస్తే ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో ఊహించడం కష్టమేం కాదు.

"ఎక్స్‌పీరియన్స్ ఏముంది సార్?"

"ఆసియా క్రీడల్లో రెండు బంగారు పతకాలు మేడమ్."

"అది సరే. వ్యాన్ డ్యూటీ ఎప్పుడైనా చేశారా?"

విద్యార్థి జీవితంలో స్వపరిపాలన అనే ఘట్టం కూడా ఉంది. సెప్టెంబరు 5న పెద్ద పిల్లలు చీరలు కట్టి, టై కట్టి టీచర్లవుతారు. ఒక బడిలో తొమ్మిదో తరగతి కుర్రాడికి కరస్పాండెంటు వేషం దక్కింది. నేరుగా ఏడో తరగతిలోకి వెళ్లాడు. బ్లాక్‌బోర్డు వంక చూడలేదు, పాఠం అడగలేదు. జేబులోంచి కాగితం తీసి, "సెకండ్ టర్మ్ ఫీజు డ్యూ ఉన్నోళ్లు లేచి నిలబడండి" అన్నాడు. అలవాటు కొద్దీ ఓ అరడజను మంది నిలబడ్డారు. నటనకు మొదటి బహుమతి వాడికి రావాల్సింది. తర్వాత తెలిసింది, క్రమశిక్షణ కింద వాళ్ల నాన్నను పిలిపించారని.

ఢిల్లీ పెద్దలకు ఇవన్నీ తెలియవనుకోకండి. 2020 జాతీయ విద్యా విధానం పాఠాలకూ ఇతర వ్యాపకాలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని స్పష్టంగా చెప్పింది. మన బడులు దాన్ని అక్షరాలా పాటించాయి. గోడ తీసేశారు. పాటలు, ఆటలు ఇటు వచ్చి పాఠాల్లో కలుస్తాయని రాసినవాళ్ల ఆశ. జరిగింది వేరు: పాఠాలు అటువైపు వెళ్లి ఆటల్ని ఆక్రమించుకున్నాయి. ఇప్పుడు డాన్స్‌కు హోంవర్కు ఉంది. కీబోర్డుకు యూనిట్ టెస్టు ఉంది. డ్రాయింగులో వెనకబడిన పిల్లలకు శనివారం రెమిడియల్ క్లాసు ఉంది. కరాటేలో బెల్టు బెల్టుకూ పరీక్ష, పరీక్ష పరీక్షకూ ఫీజు. పేరెంట్ మీటింగులో ఓ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది, "మావాడు స్కేటింగ్‌లో యావరేజ్ అంటున్నారండీ" అని.

బరువు విషయంలోనూ ప్రభుత్వం పట్టించుకుంది. 2017లో తెలంగాణ సర్కారు బడిసంచీకి హద్దు పెట్టింది: ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలు. స్కేట్లు, కరాటే డ్రెస్సు, చెస్ అట్ట, కీబోర్డు రెండో సంచీలో వస్తాయి. ఆ సంచీ గురించి ఉత్తర్వు ఏమీ అనలేదు. నాలుగున్నరకు బెల్లు కొట్టాక ఒక సంచీ వీపు మీంచి దించి ఇంకో సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కుతున్న ఎనిమిదేళ్లవాణ్ణి చూసి బిల్డింగు వాచ్‌మన్ నాతో అన్నాడు: "గింత పోరనికి గిన్ని క్లాసులేంది సార్? మా ఊర్లె ఎడ్లకు గూడ పొద్దుమీకితే కాడి ఇప్పుతరు."

అయినా పిల్లలు పిల్లలే. బెల్లు కొట్టడానికీ యాక్టివిటీ మాస్టారు ట్రాఫిక్‌లోంచి బయటపడి రావడానికీ మధ్య ఎంతో కొంత సందు దొరుకుతుంది. పంజగుట్ట చౌరస్తా పుణ్యమా అని అది రోజురోజుకీ పెరుగుతోంది. ఆ కాసేపట్లో ఆ బడి చూడాలి. ఆఖరి బెంచీ మీద పెన్ ఫైట్. రెండు పెన్నులు ఎదురెదురుగా, వేలితో ఒక్క మీటు, ఎదుటివాడి పెన్ను బెంచీ దిగి పడిపోవాలి. బరువైన పెన్నుకు గిరాకీ. క్యాప్ వెనక తగిలించుకోవచ్చా కూడదా అన్నదాని మీద పార్లమెంటులో కూడా జరగనంత చర్చ. కిటికీ పక్కన బుక్ క్రికెట్, సోషల్ పుస్తకం పేజీలు తిప్పి పరుగులు లెక్కపెడుతున్నారు. ఆ పుస్తకం ఇన్నిసార్లు తెరవడం ఇంకెప్పుడూ జరగదు. మెట్ల మీద రాజు, రాణి, దొంగ, పోలీసు చీటీలు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు, ఓడినవాడికి రెమిడియల్ లేదు. తగాదా వస్తే వాళ్లే తీర్చుకుంటారు. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలన్న నిబంధన ఆ కాసేపు తెలుగూ హిందీల్లో కొట్టుకుపోతుంది.

ఈ రహస్యం ఎంతో కాలం దాగలేదు. ఒక సాయంత్రం కరస్పాండెంటు గారు సీసీ కెమెరాలో ఇదంతా చూశారు. తిడతారని అందరూ భయపడ్డారు. ఆయన తిట్టలేదు, ఆలోచించారు. ఆ తర్వాతి పసుప్పచ్చ కాగితంలో జాబితా చివర కొత్త వరస కనబడింది: 'ఫ్రీ ప్లే. నిపుణుల పర్యవేక్షణలో. సీట్లు పరిమితం. ఫీజు విడిగా.' పెన్నులు బడి కౌంటర్లోనే కొనాలని కింద నక్షత్రం గుర్తు పెట్టి రాశారు.

అయ్యా, అమ్మా, ఒక మనవి. పిల్లలకు నిజంగా పాటో, ఆటో, బొమ్మలు వేయడమో నేర్పించాలనిపిస్తే పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాల భవన్ ఉంది, ప్రభుత్వానిది, నామమాత్రపు రుసుము. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే పంజగుట్ట, ఎర్రమంజిల్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటాక అయిదో స్టేషను అసెంబ్లీలో దిగితే సరి. ఇక ఈ జూన్‌లో బడి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు యాక్టివిటీలు ఏమున్నాయని మాత్రం అడగకండి, ఆ జాబితా వాళ్లకు నోటికొచ్చు. పిల్లలు పరిగెత్తే చోటేదీ, చూపించండి అని అడగండి. అట్ట తెరిస్తే, లేచి పక్క బడికి వెళ్లండి. అడిగే హక్కు చట్టంలోనే ఉంది, దానికి డెమో క్లాసు అక్కర్లేదు.