చలాన్ కట్టని పెద్దమనిషి

చలాన్ పడ్డవాళ్లు భువనగిరిలో మూడు రకాలు. తిట్టుకుంటూ కట్టేవాళ్లు మొదటి రకం. తిట్టుకుంటూ కట్టకుండా తిరిగేవాళ్లు రెండో రకం. మూడో రకం మనిషి తిట్టడు, కట్టడు, వదిలిపెట్టడు. ఇతణ్ని వాడకట్టులో చలాన్ సారు అంటారు.

చలాన్ సారుకు సాధారణంగా యాభై అయిదు దాటి ఉంటాయి. ఏదో ఒక ఆఫీసులో ఫైళ్ల మధ్య బతికి రిటైరై ఉంటాడు, లేదా ఆ రోజు కోసం ఎదురుచూస్తుంటాడు. అర్జీ రాయడం, రసీదు తీసుకోవడం, ఆ రసీదుకు జిరాక్స్ తీయించడం అతనికి వెన్నతో పెట్టిన విద్యలు. వీధి చివర కిరాణం దుకాణానికి పోయినా హెల్మెట్ పెట్టుకుంటాడు. ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం లామినేషన్ చేయించి సీటు కింద భద్రపరుస్తాడు. బండి ప్లేటు మీద ఇంకా ఏపీ 24 అనే ఉంటుంది. నల్లగొండ నుంచి జిల్లా విడిపోయి టీఎస్ 30 వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వచ్చింది. అయినా పాత ప్లేటు చెల్లుతుందని అతనికి తెలుసు, అడగనివాళ్లకు కూడా చెబుతాడు. హెల్మెట్ లేని కుర్రాడికి చలాన్ పడితే అది ఖర్చు. ఇంత పద్ధతిగల మనిషికి పడితే అది పరువునష్టం.

ఈ రకం మనిషి ఎదగడానికి భువనగిరి అన్ని విధాలా అనువైన చోటు. ఏకశిల మీద కోట కట్టించిన చాళుక్యరాజు ఆరో విక్రమాదిత్యుడు గుర్రాలు కట్టేయడానికి జాగా చూసే ఉంటాడు. గుట్ట కింది ఊళ్లో బండి పెట్టే జాగా మాత్రం ఆ తర్వాత ఎవరూ చూసినట్టు లేదు. 2016 అక్టోబరు 11న ఊరు జిల్లా కేంద్రమైంది. కలెక్టరేటు వచ్చింది, ఆఫీసులు వచ్చాయి, వాటి వెంట బండ్లు వచ్చాయి. అదే ఏడాది రాచకొండ కమిషనరేట్ ఏర్పడి ఊరు దాని పరిధిలోకి పోయింది గనుక నగరం తరహా ట్రాఫిక్ నిఘా కూడా వచ్చింది. రోడ్డు వెడల్పు ఒక్కటే పాత తాలూకా నాటి జ్ఞాపకంలా మిగిలింది. సెలవు రోజుల్లో యాదగిరిగుట్టకు పోయే కార్లు దీనికి అదనం.

చలాన్ పుట్టుక చాలా నిశ్శబ్దంగా జరుగుతుంది. సారు మందుల దుకాణం ముందు బండి ఆపి బీపీ గోలీలు కొంటాడు. అయిదు నిమిషాల పని. వెనుక నుంచి ఎవరో ఫొటో కొట్టి పోతారు. సంగతి ఆ రోజు తెలియదు. ఎలక్ట్రానిక్ పరికరంతో పట్టుకున్న ఉల్లంఘనకు 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఏ చెప్పింది. సారుకు మాత్రం ఆ కబురు కొడుకు ఫోను ద్వారానే అందుతుంది. "బాపూ, నీ బండి మీద చలాన్ ఉన్నది" అన్న మాటతో అతని రెండో ఉద్యోగం మొదలవుతుంది.

మొదట ఫొటో పరిశీలన. ఫోను తెరను రెండు వేళ్లతో లాగి లాగి పెద్దది చేస్తాడు. వెనుక చక్రం, మడ్‌గార్డు మీద రాలిన రంగు, హ్యాండిల్‌కు వేలాడుతున్న ఉల్లిగడ్డల సంచి కనిపిస్తాయి. తెల్లగీత కనిపించదు. నో పార్కింగ్ బోర్డు అసలే కనిపించదు. పక్కన అలాగే నిలబెట్టిన మరో నాలుగు బండ్లు సగం సగం కనిపిస్తాయి, వాటికి చలాన్ పడిందా అన్నది సారును రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న. చెయ్యని తప్పుకు శిక్ష పడితే మనిషి కొంత కాలానికి మరిచిపోతాడు. అందరూ చేసిన తప్పుకు తనొక్కడికే పడితే మరిచిపోడు.

తర్వాత మర్యాదగా కానిస్టేబుల్ దగ్గరికి పోతాడు.

"బోర్డు ఏడున్నదో సూపియ్యి తమ్మీ."

"బోర్డు లేకున్నా రోడ్డు మీద పెట్టొద్దు సారూ."

"మరి ఏడ పెట్టాలె? నువ్వు నూట ఇరవై రెండో సెక్షన్ రాసినవ్. నూట పదిహేడు సదివినవా? పార్కింగ్ జాగ సర్కారే నిర్ణయించొచ్చు అని అండ్ల ఉన్నది."

"గవన్నీ నాకు తెల్వది సారూ. ఫొటో కొట్టుమన్నరు, కొట్టిన."

ఈ సంభాషణలో కల్తీ లేని మాట చివరిది ఒక్కటే. మిగతా వాదనలో ఇద్దరికీ సగం సగం న్యాయం ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అసౌకర్యం కలిగేలా బండి వదిలిపోవద్దంటుంది. 117వ సెక్షన్ స్థానిక సంస్థలతో మాట్లాడి పార్కింగ్ స్థలాలు నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. ఒకటి విధి, మరొకటి వీలు. విధి అమలయ్యే వేగం వీలుకు ఉండదు. బోర్డు విషయంలో మాత్రం కానిస్టేబులే గెలుస్తాడు. రోడ్డు నిబంధనల ప్రకారం మలుపు, ఫుట్‌పాత్, బస్‌స్టాప్ పక్కన, బడి ముందు, ఆసుపత్రి ముందు, ఇంకో బండి పక్కన బండి పెట్టకూడదు, బోర్డు ఉన్నా లేకున్నా. ఈ జాబితాను అక్షరాలా పాటిస్తే జగదేవ్‌పూర్ చౌరస్తా దగ్గర బండి పెట్టడానికి మిగిలేది బండి యజమాని నెత్తి ఒక్కటే.

దీని తర్వాత కాగితాల దశ. రాతపూర్వక ఫిర్యాదు, దానికి రసీదు. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు: ఫలానా చోట పార్కింగ్ నిషేధిస్తూ ఇచ్చిన ఉత్తర్వు నకలు కావాలి, బోర్డు ఎప్పుడు పెట్టారో చెప్పాలి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ 30 రోజులూ సారు చాలా ఉల్లాసంగా ఉంటాడు, పోస్ట్‌మన్‌ను పేరుపెట్టి పలకరిస్తాడు. చలాన్‌కు తోడయ్యే 35 రూపాయల యూజర్ చార్జీ మీద అతనికి విడిగా ఒక అర్జీ ఉంటుంది. "ఫొటో వాళ్లే కొట్టిరి, వాడకం చార్జి నాకెందుకు?" అన్న అతని ప్రశ్నకు టీకొట్టులో ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇంట్లో వాదన వేరు. "గా పైసలు కట్టి పారెయ్యరాదుండ్రి, జిరాక్సులకే అంతకన్న ఎక్కువాయె" అంటుంది ఇల్లాలు. ఆమె లెక్క తప్పు కాదు. "పైసల్ ముచ్చట కాదు" అన్నది అతని స్థిరమైన జవాబు. ఈ జవాబు నిజమేనని 2023 డిసెంబరు 26న తేలిపోయింది. ఆ రోజు నుంచి తెలంగాణ ప్రభుత్వం పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చింది, ద్విచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు 60 శాతం. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం ఇచ్చిన చరిత్ర అంతకుముందే ఉంది. ఊరంతా ఫోన్లు తీసి కట్టేసింది, గడువు పొడిగిస్తే మిగిలినవాళ్లూ కట్టారు. సారు మాత్రం దాన్ని అవమానంగా తీసుకున్నాడు. జరిమానా న్యాయమైతే తగ్గించడం ఎందుకు, అన్యాయమైతే మిగతా 20 శాతం అడగడం ఎందుకు? ఈ తర్కంలో లోపం వెతకడం కష్టం.

మిగిలింది కోర్టు. 200వ సెక్షన్ కింద చలాన్ కట్టడం రాజీ పడటమే గనుక కట్టనివాడికి న్యాయమూర్తి ముందు వాదించుకునే హక్కు ఉంటుంది. లోక్ అదాలత్‌కు రమ్మంటే సారు పోడు, అక్కడి తీర్పు మీద అప్పీలు లేదు కదా! జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని ఆర్నెల్లు దాటితే కోర్టు విచారణకు తీసుకోకూడదన్న నిబంధన కూడా అతనికి కంఠతా వచ్చు. అది పాత సీఆర్‌పీసీలో 468, 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త సంహితలో 514. చిక్కల్లా ఏమిటంటే, పోలీసులు ఇతని చలాన్‌ను రద్దూ చేయరు, కోర్టుకూ పంపరు. ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్న మనిషికి సమన్లు రాకపోవడం కంటే పెద్ద శిక్ష ఉండదు.

ఈ జాతిలో కలిపి లెక్కించకూడని బాధితులు కొందరున్నారు. బండి భువనగిరిలో ఇంటి ముందే ఉంటే హైదరాబాద్‌లో చలాన్ పడినవాళ్లు వీళ్లు. ఎవరో దొంగ ప్లేటు పెట్టుకుని ఉంటారు, లేదా నంబరులో 3ను 8గా చదివి ఉంటారు. ఫొటోలో ఉన్నది వేరే బండి అని ఫొటోయే చెబుతుంది గనుక ఫిర్యాదు చేస్తే తొలగించే అవకాశం ఎక్కువ. పని కాగానే వాళ్లు ఆ సంగతి మరిచిపోతారు. చలాన్ సారు దృష్టిలో అది పోరాటమే కాదు.

అన్యాయంగా చలాన్ పడిందనుకునేవారు ముందు ఫొటోలో నంబరు, చోటు, సమయం సరిచూసుకోవాలి. బండి తమది కాకపోతే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. బండి తమదే అయి, తప్పు రోడ్డుదనిపిస్తే చలాన్ సారును సలహా అడగొచ్చు. కాకపోతే సాయంత్రం దాకా వేరే పని పెట్టుకోకుండా పోవాలి.